రాజసారస్ ఎలా బతికింది? బడి గోడ మీద బొమ్మ గీయాలి, తప్పు లేకుండా చెప్పండి

రేవతి_టీచర్ | శనివారం, ఉదయం 8:10

అందరికీ నమస్కారం. ప్రభుత్వ పాఠశాలలో ఆరు, ఏడు తరగతులకు విజ్ఞాన శాస్త్రం చెబుతాను. మా వరండా గోడకు ఈ మధ్యనే సున్నం వేశారు. పన్నెండు అడుగుల పొడవున ఖాళీగా ఉంది. ఏ బొమ్మ గీద్దామని పిల్లలను అడిగితే అందరిదీ ఒకటే మాట: డైనోసార్. అదీ మాంసం తినేదే కావాలట.

టైరనోసారస్ వాళ్ల పెన్సిల్ డబ్బాల మీద ఎలాగూ ఉంది. మన దేశపు రాళ్లలో దొరికిన రాజసారస్‌ను గీయాలని నా కోరిక. బొమ్మల కోసం వెతికితే ఒక్కోటి ఒక్కో రకంగా ఉంది. ఒకదానికి ఖడ్గమృగం కొమ్ము, ఇంకొకదానికి కోడిపుంజు తురాయి. చేతులు ఒక దాంట్లో బారెడు, మరో దాంట్లో బెత్తెడు. పిల్లలు రోజూ చూసే గోడ మీది బొమ్మ వాళ్ల మనసులో ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. అక్కడ తప్పు గీయడం నాకు ఇష్టం లేదు. ఎంత పొడవు గీయాలి, కొమ్ము ఎలా ఉండాలి, ఏం తినేది, ఎలా పట్టేది, తెలిసినవారు చెప్పండి.

రాతిపొర | శనివారం, ఉదయం 9:35

రేవతి గారూ, మంచి పని తలపెట్టారు. నేను భూగర్భ శాస్త్రం చదువుకుని, రాళ్ల పటాలు గీసే ఉద్యోగం చేసి విరమించినవాడిని. నాకు తెలిసినంత చెబుతాను. ముందు అది ఎలా దొరికిందో వినండి, ఏది గీయవచ్చో దాన్నిబట్టే తేలుతుంది.

గుజరాత్‌లో బాలాసినోర్ దగ్గర రహియోలి అనే ఊరు ఉంది. 1981లో అక్కడి సిమెంటు క్వారీ కార్మికులు బంతుల్లా గుండ్రంగా ఉన్న సున్నపురాళ్లను భారత భూగర్భ సర్వేక్షణ సంస్థవారికి ఇచ్చారు. అవి డైనోసార్ గుడ్లని తరువాత తేలింది. 1982 నుంచి 1984 వరకు అదే సంస్థకు చెందిన సురేశ్ శ్రీవాస్తవ ఆ చుట్టుపక్కల తవ్వి ఎముకలు సేకరించారు. ఊరికే తవ్వి బస్తాల్లో నింపలేదు. ఏ ఎముక ఏ చోట, ఏ ఎముక పక్కన పడి ఉందో పటం గీసి పెట్టారు. రహియోలిలో అనేక జంతువుల ఎముకలు కలగాపులగంగా పడి ఉన్నాయి. దాదాపు ఇరవై ఏళ్ల తరువాత జెఫ్రీ విల్సన్, పాల్ సెరెనో, అశోక్ సాహ్ని మొదలైనవారు ఆ పటాన్ని ముందు పెట్టుకునే, ఇవి ఒకే మాంసాహారికి చెందినవని వేరు చేయగలిగారు. 2003 ఆగస్టులో రాజసారస్ నర్మదెన్సిస్ అని పేరు పెట్టారు. రాజు అన్న మాట, నర్మద పేరు రెండూ అందులో ఉన్నాయి. ఆ పటమే లేకపోతే రాజసారస్ ఇంకా పెట్టెల్లోనే పడి ఉండేది. ఇది మీ పిల్లలకు తప్పక చెప్పండి.

దొరికినవి: మెదడును కాపాడే పుర్రె వెనక భాగం, వెన్నుపూసలు, తుంటి, కాళ్ల ఎముకలు, తోకలో కొంత. చేతులు దొరకలేదు.

కొమ్ము సంగతి. ఖడ్గమృగం కొమ్ము గీయకండి. ముక్కు ఎముక, నుదుటి ఎముక కలిసే చోట పైకి లేచిన పొట్టి, మొద్దుబారిన బొడిపె అది. కొమ్ములు ఇప్పుడిప్పుడే మొలుస్తున్న కోడెదూడ నుదుటిని తలచుకోండి, ఒకే ఒక బొడిపె, అదీ నడిమధ్యన. అంతకు మించి పెంచవద్దు.

కార్తీక్_77 | శనివారం, ఉదయం 10:02

నేను కళాశాల విద్యార్థిని. చిన్నప్పటి నుంచి డైనోసార్లంటే ప్రాణం. టీచర్ గారూ, గుంపుగా వేటాడుతున్నట్టు గీయండి. రహియోలిలో ఒకే చోట చాలా ఎముకలు దొరికాయి కదా, అవి గుంపుగా తిరిగేవని అర్థం. వెనకాల అగ్నిపర్వతం పొగలు కక్కుతూ ఉండాలి. దక్కన్ లావాలో చిక్కుకునే ఇవి చచ్చిపోయాయి. పొడవు 30 అడుగులు.

రాతిపొర | శనివారం, ఉదయం 10:50

కార్తీక్, నీ ఉత్సాహం చూస్తే ముచ్చటేస్తోంది నాయనా. కానీ మూడూ సరిచేయాలి.

పొడవు: మొదట్లో వార్తల్లో 30 అడుగులనే వచ్చింది. ఈ కుటుంబంలోని జంతువుల కొలతలన్నీ పోల్చి 2016లో వేసిన అంచనా 6.6 మీటర్లు, అంటే దాదాపు 22 అడుగులు.

లావా: రాజసారస్ ఎముకలు దొరికింది లావా రాతిలో కాదు. లామెటా అనే మట్టి, ఇసుక, సున్నం కలిసిన పొరలో. ఆ పొర లావా కింద ఉంటుంది. రహియోలి ఎముకలు గులకరాళ్లతో కలిసిన రాతిలో పడి ఉన్నాయి. ఇక్కడ ఆగి ఆలోచించు. గులకరాళ్లను దొర్లించి తెచ్చేది నీరు. ఎక్కడెక్కడో చచ్చిన జంతువుల ఎముకలను వరద ఒకచోటికి చేరుస్తుంది. కాబట్టి ఎముకలు ఒక చోట ఉన్నంత మాత్రాన అవి కలిసి తిరిగాయని చెప్పలేము. వాగు వంపులో కొట్టుకొచ్చిన చెత్తంతా ఒకే గట్టున ఆగడం చూసే ఉంటావు.

ఇంకో మాట. అదే రహియోలిలో కోల్‌కతాలోని భారత గణాంక సంస్థవారు 1990లలో తవ్విన ఎముకలతో 2010లో రహియోలిసారస్ అని మరో మాంసాహారికి పేరు పెట్టారు. చిన్నా పెద్దా కలిపి కనీసం ఏడు జంతువుల ఎముకలు అందులో ఉన్నాయి. రాజసారస్‌తో పోలిస్తే దాని కాళ్లు సన్నం.

కార్తీక్_77 | శనివారం, ఉదయం 11:05

గులకరాళ్ల మాట నాకు తట్టనే లేదు మాస్టారూ. గుంపు మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పశువైద్యుడు_విశ్వం | శనివారం, మధ్యాహ్నం 2:20

డైనోసార్లు నా రంగం కాదు, కానీ కాటు గాయాలు నా రోజువారీ పని. అడవి అంచు ఊళ్లలో పదిహేనేళ్లు పనిచేశాను. చిరుత చంపిన దూడను చూస్తే గొంతు దగ్గర నాలుగు కోరల గుర్తులు ఉంటాయి, మిగిలిన ఒళ్లు చాలావరకు శుభ్రం. పట్టు పట్టి, ఊపిరి ఆడకుండా చేసి, కదలిక ఆగాకే వదులుతుంది. రేచుకుక్కలు చంపింది వేరు. పరిగెత్తుతుండగానే తొడలు, పొట్ట చీల్చేస్తాయి. శవాన్ని చూస్తే చాలు, ఎవరి పనో తెలిసిపోతుంది.

రాజసారస్ కుటుంబం, అంటే అబెలిసారిడ్లు, చిరుత పద్ధతికి దగ్గరగా ఉన్నాయని చదివాను. మూతి పొట్టి, పుర్రె ఎత్తు, పళ్లు పొట్టివి, మెడ దిట్టం. మడగాస్కర్‌లో దొరికిన మజుంగసారస్ పుర్రె, మెడ చూసినవారు, ఇది కొరికి చీల్చి వదిలే జంతువు కాదు, కరిచి పట్టుకుని వేలాడే జంతువు అంటారు. పెద్ద జంతువు గింజుకుంటుంటే పట్టు జారకుండా ఉండాలంటే బలమంతా మెడలో ఉండాలి. ఎద్దు మెడ గీసినట్టు గీయండి రేవతి గారూ, కొంగ మెడలా కాదు.

రేవతి_టీచర్ | శనివారం, సాయంత్రం 4:15

డాక్టర్ గారూ, చిరుత, రేచుకుక్కల పోలిక సోమవారం పాఠంలో అలాగే వాడుకుంటాను. ఒక సందేహం. మనకు దొరికింది రాజసారస్ అయితే మాటిమాటికీ మడగాస్కర్ ఎందుకు వస్తోంది?

రాతిపొర | శనివారం, సాయంత్రం 5:30

ఎందుకంటే రెండూ దాయాదులు. భారతదేశం, మడగాస్కర్ ఒకప్పుడు ఒకటే నేల. సుమారు 8.8 కోట్ల సంవత్సరాల కిందట విడిపోయాయి. రాజసారస్ కాలం ఇప్పటికి సుమారు 6.7 కోట్ల సంవత్సరాల కిందట. అప్పటికి మన నేల ఆసియాను ఇంకా తాకలేదు, సముద్రంలో ఉత్తరానికి జరుగుతోంది, హిమాలయాలు లేవు. విడిపోయి రెండు కోట్ల ఏళ్లు దాటినా పోలికలు పోలేదు. మరో చుట్టం కార్నోటారస్ అర్జెంటీనాలో దొరికింది. మూడూ దక్షిణ భూఖండాల సంతతి. టైరనోసారస్ ఈ వంశం కాదు.

మజుంగసారస్ ఎముకలు ఎక్కువ దొరికాయి, పుర్రెలు చక్కగా నిలిచాయి. కాబట్టి రాజసారస్‌లో లేని భాగాన్ని ఊహించాల్సి వస్తే దాని దగ్గరికే వెళ్లాలి. అయితే పిల్లలకు ఏది దొరికింది, ఏది చుట్టం దగ్గర అరువు తెచ్చాం అన్నది విడదీసి చూపించండి. పుస్తకాల్లో కూడా చాలామంది ఈ పని చేయరు, నాకు అది నచ్చదు.

పశువైద్యుడు_విశ్వం | శనివారం, రాత్రి 9:10

ఆ చుట్టం గురించే ఒకటి. 2003లో వచ్చిన అధ్యయనంలో మజుంగసారస్ ఎముకల మీద మజుంగసారస్ పళ్ల గాట్లే కనిపించాయి. పళ్ల ఎడం సరిపోయింది. పంటి అంచున రంపపు పళ్ల వంటి నొక్కులు ఉంటాయి కదా, అవి ఎముక మీద గీసిన సన్నని సమాంతర గీతలు కూడా సరిపోయాయి. తన జాతి కళేబరాన్ని తానే తిన్నదన్నమాట. చంపి తిన్నదా, చచ్చిన దాన్ని తిన్నదా అన్నది గాట్లను బట్టి తేలదు. పొడవు మెడల శాకాహారుల ఎముకల మీదా అవే గాట్లు ఉన్నాయి.

ఇంకొకటి పిల్లలకు బాగా నచ్చుతుంది. మజుంగసారస్‌కు ఒక్కో పన్ను ఊడి కొత్తది రావడానికి సుమారు రెండు నెలలే పట్టేదని 2019లో లెక్కగట్టారు. ఎముకలు కొరికే నోట్లో పళ్లు త్వరగా అరిగిపోతాయి. పాలపళ్లు ఊడుతున్న వయసు పిల్లలకు ఇది చెప్పి చూడండి.

సంచారి | ఆదివారం, ఉదయం 6:45

రహియోలి వెళ్లి వచ్చినవాడిగా రాస్తున్నాను. ప్రదర్శనశాల 2019లో తెరిచారు. కానీ నా కళ్లలో నిలిచింది బయటి నేల. పల్చటి ముళ్లపొదలు, ఎండకు పాలిపోయిన రాతి గట్లు. మా వెంట ఉన్నాయన ఒకచోట కూర్చుని సీసాలో నీళ్లు కొద్దిగా రాతి మీద పోశారు. పొడిగా ఉన్నప్పుడు ఏమీ లేని చోట, తడవగానే ఒక వలయం పైకి తేలింది. లోపల లేత గోధుమ రంగు రాయి, అంచు చుట్టూ అగ్గిపుల్ల మందాన ముదురు గీత. ఆ గీతే గుడ్డు పెంకు. వేలితో తడిమితే రాయి నున్నగా, పెంకు గరుకుగా తగిలింది. అరచేయి చాపి పెడితే వలయం సరిగ్గా నిండింది. రెండు నిమిషాల్లో ఎండకు నీరు ఆరిపోయి వలయం మళ్లీ మాయమైంది.

ఆ గుడ్లు రాజసారస్‌వి కావు, టైటనోసార్లనే పొడవు మెడల శాకాహారులవి. ఆ గుడ్ల చుట్టూ ఎవరు తిరిగేవారో చెప్పే శిలాజం కూడా ఆ ప్రాంతంలోనే ఉంది. ధోలి డుంగ్రీ దగ్గర 1987లో ధనంజయ్ మొహబే ఒక గూడును వెలికితీశారు. చాలా ఏళ్ల తరువాత ఆ రాతిలో పాము వెన్నుపూసలు ఉన్నాయని గుర్తించారు. పగిలిన గుడ్డు చుట్టూ చుట్టుకున్న మూడున్నర మీటర్ల పాము, పక్కనే అప్పుడే బయటపడ్డ అర మీటరు పిల్ల. బురద ఒక్కసారిగా కప్పేయడంతో అలాగే ఉండిపోయాయి. సనాజే ఇండికస్ అని 2010లో పేరు పెట్టారు.

కార్తీక్_77 | ఆదివారం, ఉదయం 9:20

అయితే రాజసారస్ కూడా ఆ గూళ్ల దగ్గర పిల్లలను పట్టేదా?

రాతిపొర | ఆదివారం, ఉదయం 10:15

పాముకు ఉన్నట్టు రాతి సాక్ష్యం రాజసారస్‌కు లేదు. కానీ ఆలోచించదగ్గ మాటే. మధ్యప్రదేశ్‌లో ధార్ జిల్లాలో 92 గూళ్లు, 256 గుడ్లు లెక్కగట్టి 2023లో ప్రకటించారు. ఆ బృందంలో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన గుంటుపల్లి వి. ఆర్. ప్రసాద్ గారు ఉన్నారు. గూళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకునేంత దగ్గరగా ఉన్నాయి. అంత పెద్ద తల్లులు వాటి మధ్య అడుగు పెట్టే చోటు లేదు. గుడ్లు పెట్టి, మట్టి కప్పి వెళ్లిపోయేవని వారి అభిప్రాయం. అంటే కాపలా లేని అర మీటరు పిల్లలు వందల్లో ఒకేసారి పైకి వచ్చేవి. అలాంటి చోటికి మాంసాహారులు రాకుండా ఉంటాయా? నా మట్టుకు నాకు వచ్చేవనే అనిపిస్తుంది. ఇది నా ఊహ, ఊహ అనే గీయండి.

గోదావరిగట్టు | ఆదివారం, ఉదయం 11:40

నేను రాజమహేంద్రవరం వాసిని. కాటేరు, పంగిడి వైపు క్వారీల్లో తవ్వే నల్లరాయి కూడా దక్కన్ లావాయేనని, పాత నదీ లోయల వెంట దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడిదాకా వచ్చిందని శాస్త్రవేత్తలు అంటున్నారు. ఆ రాయే మా ఇంటి పునాదిలో ఉంది. రాజసారస్ కథ గుజరాత్‌కే పరిమితం అనుకోవద్దు.

మాలతి_నాగపూర్ | ఆదివారం, మధ్యాహ్నం 12:30

నేల మీద గడ్డి గీయవచ్చా అని ఎవరూ అడగలేదు. గీయవచ్చు! మా మహారాష్ట్రలో పిస్దురా అనే చోట శిలాజంగా మారిన పేడ ముద్దలు దొరుకుతాయి, టైటనోసార్లవి అంటారు. వాటిని పరీక్షిస్తే గడ్డిలో ఉండే సూక్ష్మమైన ఇసుక రేణువుల్లాంటివి కనిపించాయని 2005లో వెల్లడైంది. డైనోసార్ల కాలంలో గడ్డే లేదన్న పాత మాట దాంతో పోయింది. వరికి దగ్గరి చుట్టాలు కూడా ఆ గడ్డిలో ఉన్నాయట. మన అన్నానికి పూర్వీకులు అనుకుంటే నాకైతే ఒళ్లు పులకరిస్తుంది. అయితే పచ్చిక బయలు గీయకండి, చెట్ల మధ్య అక్కడక్కడ పిలకలు చాలు.

రాతిపొర | ఆదివారం, సాయంత్రం 6:00

మాలతి గారు చెప్పింది బంగారం లాంటి విషయం. తెలంగాణ నుంచి ఒకటి నేనూ కలుపుతాను. వికారాబాద్ వైపు నస్కల్ దగ్గర, లావా పొరల మధ్య చిక్కిన సన్నని మట్టి పొరలో ప్రసాద్, సాహ్ని గార్లు ఒక చిన్న క్షీరదం పళ్లను కనుగొని 1988లో ప్రకటించారు. పేరు డెక్కనోలెస్టెస్. పళ్లు బియ్యపు గింజ కన్నా చిన్నవి. తరువాత దొరికిన మడమ ఎముకలను బట్టి అది చెట్లెక్కేదని తేల్చారు. రాజసారస్ ఎముకల పొర వేరు, ఇది వేరు, కాలం మాత్రం దాదాపు ఒకటే. పై మూలన ఒక కొమ్మ గీసి ఎలుకంత ప్రాణిని కూర్చోబెట్టండి. పెద్దది పోయింది, ఆ కొమ్మ మీది ప్రాణి లాంటివే మిగిలాయి.

ఇక కొలత చూడండి. జంతువు 22 అడుగులు, మీ గోడ పన్నెండు. సరిగ్గా సగం కొలతకు గీస్తే పదకొండు అడుగులు, రెండు వైపులా అరడుగు ఖాళీ. అదే కొలతలో పక్కన నాలుగున్నర అడుగుల బడి పిల్లను రెండు అడుగుల మూడు అంగుళాలు గీయండి. గుడ్డు నారింజపండంత అవుతుంది. పాము అయిదున్నర అడుగులు దాటుతుంది.

రేవతి_టీచర్ | ఆదివారం, రాత్రి 8:45

మాస్టారూ, ఆ లెక్క చదివి లేచి నిలబడ్డాను. రేపు పిల్లల చేతే భాగించి రాయిస్తాను. చేతులు, చర్మం మాత్రం మిగిలాయి.

పశువైద్యుడు_విశ్వం | ఆదివారం, రాత్రి 9:30

చర్మానికి కార్నోటారస్‌నే అడగాలి. దాని చర్మపు ముద్రలు రాతిలో నిలిచాయి. ఒళ్లంతా చిన్న చిన్న పొలుసులు, మధ్య మధ్య పెద్ద బొడిపెలు. ఈకలు లేవు. చేతులు మజుంగసారస్‌లోనూ కార్నోటారస్‌లోనూ ఎంత కురచ అంటే ముంజేయి దాదాపు లేనట్టే, వేళ్లు మొద్దులు. వేటకు పనికిరావు. పట్టేదీ చంపేదీ నోరే.

రేవతి_టీచర్ | తరువాతి శనివారం, సాయంత్రం 5:20

గీత పని పూర్తయింది, రంగు మిగిలింది. పిల్లలు ఒక నియమం పెట్టుకున్నారు. రహియోలిలో దొరికిన ఎముకలున్న చోట్ల, అంటే తల వెనక భాగం, వీపు, తుంటి, కాళ్లు, తోక దగ్గర నల్లటి నిండు గీత. చుట్టాల దగ్గర అరువు తెచ్చిన మూతి, పళ్లు, చేతులు చుక్కల గీత. దూరం నుంచి చూస్తే చేతులు కనిపించీ కనిపించనట్టు ఉన్నాయి. ఒక అబ్బాయి దగ్గరికి వచ్చి, "ఈ చుక్కలు ఎప్పుడు కలుపుతాం టీచర్?" అని అడిగాడు. రహియోలిలో చేయి ఎముక దొరికిన రోజున అన్నాను. "అప్పుడు నేను వచ్చి కలుపుతా" అని గోడ కింద అంచున తన పేరు రాసుకున్నాడు.

పాము, గుడ్లు కుడి మూలన వచ్చాయి. డెక్కనోలెస్టెస్‌ను ఏడో తరగతి అమ్మాయి తన బొటనవేలు గోడకు ఆనించి ఆ కొలతకే గీసింది. గుడ్డు దగ్గర ఆగిపోయాం. సంచారి గారూ, నీళ్లు పోసినప్పుడు కనిపించిన వలయం ఫొటో ఉంటే పంపగలరా?

సంచారి | తరువాతి శనివారం, రాత్రి 7:05

పంపించాను, రెండు ఉన్నాయి, పొడిగా ఉన్నది ఒకటి, తడిసినది ఒకటి. పెంకు గీత చాలా సన్నం, మీది సగం కొలత కాబట్టి ఇంకా సన్నగా రావాలి. ఇంట్లో ఉన్న వాటిలో అన్నిటికన్నా చిన్న కుంచె తీసుకువెళ్లండి.